దూరపు కన్ను, దగ్గఱి చేయి

శస్త్రవైద్యుడు ఒక యూర కత్తి పట్టుకొనియుండగా, వందల మైళ్ల దూరమున గూర్చున్న పెద్దవైద్యుడు ఆ కత్తి మొన కదలికను తెఱపై చూచుచు, ఎచట కోయవలెనో, ఎచట నిలువవలెనో చెప్పగలుగు కాలము వచ్చినది. ఇది యిక వింత కాదు. ఈ సాధనములను నిర్మించి యమ్ము కంపెనీలు పుట్టినవి. వీనిని గూర్చి నగరములలోని పెద్ద ఆస్పత్రులు గొప్పగా చెప్పుకొనుచున్నవి. వానిని కొనియాడుటకు గాని, కొట్టివేయుటకు గాని మేమీ వ్యాసమును వ్రాయుట లేదు. ఈ దూరపు కన్ను ఎవరి కొఱకు తెఱవబడవలెను, తెఱవబడిన పిమ్మట దాని చూపునకు ఎవరు జవాబుదారులు అను రెండు ప్రశ్నలను మాత్రము పాఠకుల యెదుట పెట్టదలచినాము. ఈ ప్రశ్నలు హైదరాబాదునుండి చూచిన నొక విధముగను, తుంగతుర్తినుండి చూచిన మఱియొక విధముగను కనబడును. మేము తుంగతుర్తినుండియే చూడగోరుచున్నాము.

తుంగతుర్తి సూర్యాపేట జిల్లా ఉత్తర భాగమునందలి మండల కేంద్రము. 2016 అక్టోబరు 11న క్రొత్త జిల్లాలేర్పడు వఱకు నల్లగొండ జిల్లాలో చేరియుండెను. శ్రీరాంసాగరు రెండవ దశ కాలువల ఆయకట్టులో చివరి భాగమిది. చివరి ఆయకట్టు రైతునకు తెలిసినంతగా మఱియెవరికిని తెలియని సత్యమొకటి కలదు. జలాశయము నిండియుండుట వేఱు, తన మడి తడియుట వేఱు. పై తూముల వద్ద నీరు పుష్కలముగా పాఱుచున్నదన్న వార్త వినుచునే, ఎండిన నారుమడిని చూచుకొనుచు గూర్చున్న యేండ్లు ఆ ప్రాంతపు రైతులకు కొల్లలు. వైద్యవిద్య సంగతియు నింతే. హైదరాబాదులో నిపుణులున్నారు, దేశదేశముల రోగులు వారిని వెదకుకొని వచ్చుచున్నారు. ఆ నైపుణ్యము కాలువ చివరకు ఎన్నడు చేరును?

ఒక గృహిణిని ఊహింపుడు. రాత్రి భోజనమైన పిమ్మట కుడి డొక్కలో నొప్పి వచ్చును. మొదట గ్యాసు అనుకొందురు. నాలుగవమాఱు వచ్చినపుడు స్కానింగు తీయించగా పిత్తాశయములో రాళ్లు కనబడును. జిల్లా కేంద్రమైన సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల యున్నది. దానికి చేరిన పెద్ద ఆస్పత్రి యున్నది. ఐనను ఊరి పెద్దలలో నొకరు, "సూర్యాపేట యెందుకు, ఎటులైన కారు కట్టించుకొనుచున్నారు గదా, తిన్నగా హైదరాబాదు పొండు" అనును. జాతీయ రహదారిపై మఱి సుమారు 135 కిలోమీటర్లు. కారు బాడుగ, వెంట వచ్చినవారి బస, ఆస్పత్రి లెక్క, పోయిన కూలిదినములు అన్నియు కలిసి ఒక పంట ఫలితమును మ్రింగివేయును. ఆ పెద్దమనిషి సలహా తప్పని చెప్పుటకు మాకు నోరు రాదు. ఆయన అవిశ్వాసమునకు కారణములున్నవి. ఆ కారణములలో ముఖ్యమైనది సూర్యాపేట వైద్యుని అసమర్థత కాదు, ఆయన ఒంటరితనము.

ఈ మాటను కొంచెము వివరింపవలసియున్నది. పట్టము పుచ్చుకొని జిల్లాకు వచ్చిన యువ శస్త్రవైద్యుడు చదువుకొన్న రోజులలో ఎన్నడును ఒంటరిగా కోసియుండడు. ప్రక్కన ప్రొఫెసరో, సీనియరో ఉండును. చేయి తడబడినచో వారు అందుకొందురు. జిల్లాకు వచ్చిన మఱునాటినుండి ఆయనయే సర్వమును. రోగి కడుపు తెఱచిన పిమ్మట, పుస్తకములోని బొమ్మకు సరిపోలని దృశ్యము కనబడినచో, అడుగుటకు మనిషి లేడు. అందుచేత వివేకియైనవాడు కష్టమైన కేసును ముందే హైదరాబాదునకు పంపివేయును. సాహసియైనవాడు తానే చేసి ఒక్కొక్కమాఱు చేయి కాల్చుకొనును. మొదటివాడు ఎన్నటికిని నేర్చుకొనడు. రెండవవాడు రోగుల దేహములపై నేర్చుకొనును. సుశ్రుతుడు శిష్యుని చేత ముందు గుమ్మడి, సొర, దోస మున్నగు కాయలపై కోతను అభ్యసింపజేయవలెనని విధించినది ఈ రెండవ దుర్గతి తప్పించుటకే. కాని కాయపై నేర్చిన విద్యకును మనిషిపై జూపవలసిన విద్యకును నడుమ ఒక గురువు ప్రక్కన నిలువవలసిన కాలమొకటి యున్నది. ఆ కాలమును తీగమీద పంపగలమా యనునదే ఇప్పటి ప్రశ్న.

సాధనము స్వరూపము సామాన్యమైనదే. కడుపులో చిన్న రంధ్రములు చేసి కెమెరా జొనిపి చేయు లాపరోస్కోపు చికిత్సలో వైద్యుడు స్వయముగా తెఱను చూచియే పని చేయును. ఆ తెఱపై బొమ్మను తీగగుండ మఱియొక తెఱకు పంపుటయే మొదటి మెట్టు. థియేటరు దీపము ప్రక్కన మఱియొక కెమెరా నమర్చినచో చేతుల పొజిషను కూడ గురువునకు కనబడును. మాట రెండు వైపులను వినబడును. గురువు తన తెఱపై వ్రేలితో గీత గీచినచో, ఆ గీత థియేటరు తెఱపై బొమ్మమీదనే పడును: "ఈ గీతకు ఎడమవైపు పోవలదు." లెబనాను మూలములు గల శస్త్రవైద్యురాలు నదీన్ హాషాష్-హరామ్ లండనులో 2016లో స్థాపించిన ప్రాక్సిమీ వంటి సంస్థలు గురువు చేతి బొమ్మనే శిష్యుని తెఱపైకి తెచ్చు ఏర్పాటు చేసినవి. 2020లో కరోనా వలన ప్రయాణములు స్తంభించినపుడు ఇట్టి సాధనముల విలువ అందఱికిని తెలిసివచ్చినది.

దీని పూర్వచరిత్రలో ఆర్భాటములు పెక్కు. 1965లో మైకేల్ డిబేకీ హ్యూస్టనులో చేసిన గుండె శస్త్రచికిత్సను ఎర్లీబర్డ్ ఉపగ్రహము గుండ జెనీవాలోని వైద్యులు చూచిరి. 2001 సెప్టెంబరు 7న జాక్ మారెస్కో అను ఫ్రెంచి వైద్యుడు న్యూయార్కులో గూర్చుండి, అట్లాంటికు సముద్రము కావల స్ట్రాస్‌బర్గులోనున్న 68 ఏండ్ల స్త్రీ పిత్తాశయమును యంత్రహస్తముల చేత 54 నిమిషములలో తీసెను. ఆయన చేయి కదలుటకును, ఆ కదలిక ఫలితము తెఱపై కనబడుటకును నడుమ ఆలస్యము సెకనులో సుమారు ఆఱవ వంతు. మన దేశమున 2018 డిసెంబరులో తేజస్ పటేల్ గాంధీనగరు అక్షరధామమునుండి, సుమారు 32 కిలోమీటర్ల దూరమున అహమ్మదాబాదులోనున్న రోగుల గుండె నాళములలో యంత్రసహాయమున స్టెంటు లమర్చెను. ఇవన్నియు ఘనకార్యములే. కాని న్యూయార్కు ప్రయోగమునకు ప్రత్యేకమైన తీగ, ఇరుప్రక్కల ఇంజనీర్ల పటాలము కావలసివచ్చినది. దాని వలన ఏ మాఱుమూల ఆస్పత్రియు స్థిరముగా బాగుపడినట్లు మేమెఱుగము.

మా దృష్టిలో ఇంతకంటె ముఖ్యమైన ఉదాహరణము కెనడాలో జరిగినది. ఒంటారియో రాష్ట్రమున హామిల్టను నగరమునందలి మెహ్రాన్ అన్వరీ, 400 కిలోమీటర్లు ఉత్తరమున నున్న నార్త్‌బే అను చిన్నయూరి ఆస్పత్రికి 2003 ఫిబ్రవరి మొదలుకొని దూరమునుండి తోడ్పడసాగెను. ప్రచురించిన లెక్కలో శస్త్రచికిత్సలు 21 మాత్రమే. ఆ లెక్కలో ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యము ఏర్పాటులో నున్నది. చిన్నయూరి వైద్యులు బల్లవద్దనే నిలిచి, పెద్దవైద్యునితో కలిసి పని చేసిరి. రోగి నగరమునకు పోలేదు. నగరమే రోగియొద్దకు వచ్చినది. తుంగతుర్తి ప్రజలు కోరవలసినది న్యూయార్కును కాదు, నార్త్‌బేను.

తెలుగునాట ఈ మార్గమునకు తొలి మైలురాయి అరగొండ. చిత్తూరు జిల్లాలోని ఆ పల్లె అపోలో ఆస్పత్రుల స్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామము. 2000 మార్చి 24న హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటను అరగొండ ఆస్పత్రిలోని ఉపగ్రహ వైద్యకేంద్రమును ప్రారంభించెను. పల్లెలోని రోగి చిత్రములు ఆకాశమార్గమున చెన్నపట్టణమునకు పోయి నిపుణుని సలహా తెచ్చుట నాడు పెద్ద వార్త. పిమ్మట ఇస్రో తన ఉపగ్రహములతో దూరవైద్య జాలమును దేశమంతట విస్తరింపజేసెను. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని వచ్చినపుడు, దానిని ఆరోగ్యకేంద్రములలో మొదట నెలకొల్పినది ఆంధ్రప్రదేశమే. గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థ పల్లెలోని దృష్టికేంద్రములను మెట్టుమెట్టుగా హైదరాబాదుతో కలిపిన తీరు ప్రపంచమునకు పాఠమైనది. డి. నాగేశ్వరరెడ్డి నడపు ఆసియా జీర్ణకోశ వైద్య సంస్థలో చికిత్సను ప్రత్యక్షముగా తెఱపై చూపి వేలమంది వైద్యులకు బోధించుట యేటేట జరుగుచున్నది. కావున దూరమునుండి చూచుట, దూరమునుండి సలహా చెప్పుట మనకు క్రొత్త విద్యలు కావు. మన లోపమెచ్చటనగా, ఆ చూపు సలహాగదిని దాటి థియేటరు తలుపు లోనికి క్రమముగా పోలేదు.

థియేటరు లోనికే ఎందుకు పోవలెనో తెలియుటకు ఆ గృహిణి పిత్తాశయమునే తీసికొందము. పిత్తాశయమును కాలేయపు గొట్టముతో కలుపు సన్నని నాళమొకటి కలదు. దానిని కట్టి కోయవలెను. దాని ప్రక్కనే కాలేయమునుండి ప్రేగునకు పైత్యరసమును గొనిపోవు ప్రధాననాళము కలదు; దానిని తాకరాదు. వాపు వచ్చి కణజాలము అతుకుకొన్నపుడు ఈ రెండును ఒకటిగా కనబడును. సన్ననిదనుకొని ప్రధానమైనదానిని కోసినచో ఆ రోగి కష్టములు ఏండ్ల తరబడి తీఱవు. లాపరోస్కోపు పద్ధతిలో ఈ దుర్ఘటన వేయింట మూడు మొదలు అయిదు వఱకు జరుగునని వైద్యుల లెక్క. అమెరికాలో లారెన్సు వే అను వైద్యుడును ఆయన సహచరులును ఇట్టి 252 ప్రమాదములను పరిశీలించి 2003లో ఒక వ్యాసము ప్రకటించిరి. నూటికి 97 సందర్భములలో మూలకారణము కంటి భ్రమ. చేతి నైపుణ్య లోపము నూటికి 3 మాత్రమే. త్రాటిని చూచి పామనుకొనుట మన వేదాంతులకు చిరపరిచితమైన దృష్టాంతము. ఇక్కడ దానికి తలక్రిందులు: పామును చూచి త్రాడనుకొని నిశ్చింతగా కోయుట.

ఆ నిశ్చింతయే ప్రమాదము. భ్రమలోనున్నవానికి తాను భ్రమలోనున్నానని తెలియదు; తెలిసినచో భ్రమయే కాదు. అందువలన "అనుమానము వచ్చినపుడు గురువును పిలువుము" అను నియమము చాలదు. ఎక్కువ హాని జరుగు సమయమున అనుమానమే రాదు. కావలసిన నియమము వేఱు: నాళమునకు క్లిప్పు వేయుటకు పూర్వము, అనుమానమున్నను లేకున్నను, చేయి నిలిపి, బొమ్మను రెండవ కంటికి చూపి, ఆ కన్ను సరియన్న పిమ్మటనే ముందునకు సాగవలెను. ఇందుకు గంటల తరబడి గురువు గూర్చుండనక్కఱలేదు. రెండు నిమిషములు చాలును. ఈ యొక్క యాచారము మన జిల్లా ఆస్పత్రులలో స్థిరపడినచో, కోట్ల రూపాయల యంత్రహస్తములు చేయజాలని మేలు ఒక కెమెరాయు ఒక తీగయు చేయునని మా విశ్వాసము.

భారతమును చదివినవారికి ఈ తేడాను చెప్పుట సులభము. సంజయునకు దూరదృష్టి యుండెను; యుద్ధమంతయు చూచెను, చెప్పెను; ఒక్క బాణమును దారి మళ్లింపజాలడయ్యెను. పార్థసారథి ఆయుధము పట్టలేదు. కాని రథము ఎచట నిలుపవలెనో, బాణము ఎప్పుడు విడువవలెనో ఆయన యెఱుగును. ప్రత్యక్ష ప్రసారములు సంజయుని వంటివి. ఆ ప్రసారములలో ప్రేక్షకుల కొఱకు రోగి క్షేమము పణముగా పెట్టబడుచున్నదన్న ఆక్షేపణతో 2023లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము కూడ వచ్చినది. మేము కోరుచున్న ఏర్పాటునకు ప్రేక్షకులు లేరు, చప్పట్లు లేవు.

ఇంత చెప్పిన పిమ్మట ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. దూరమునుండి వచ్చు మాట పెద్దదైనంత మాత్రమున సత్యము కాదు. హైదరాబాదు చరిత్రలోనే ఇందుకు నిదర్శనమున్నది. రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ క్లోరోఫారము మత్తులో ఊపిరిని గమనించిన చాలును, గుండెకు భయము లేదని బోధించుచుండెను. దానిని తేల్చుటకు నిజాము ప్రభువు ద్రవ్యముతో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫారము కమిషనులు గూర్చుండెను. లండనులోని లాన్సెట్టు పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు రెండవ కమిషనుకు సముద్రము దాటి వచ్చెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసిరి. లారీ మాటయే నిజమని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు హైదరాబాదునుండి లండనునకు పోయి ప్రపంచమంతట మ్రోగినది. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు తేలికపాటి క్లోరోఫారము మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని ప్రయోగపూర్వకముగా నిరూపించెను. రాజధనము, పెద్దపేరు, దూరపు కీర్తి అన్నియు కూడి ఒక పొరపాటును రెండు దశాబ్దములు నిలువబెట్టినవి. హైదరాబాదు పెద్దవైద్యుడు తెఱపైనుండి చెప్పినంత మాత్రమున, రోగి నాడిని స్వయముగా చూచుచున్న సూర్యాపేట వైద్యుడు నోరు మూసికొనరాదు. "అయ్యా, ఇక్కడ రక్తస్రావ మధికముగా నున్నది, మీరు చెప్పినట్లు చేయజాలను" అనుటకు ఆయనకు హక్కుండవలెను. ఆ హక్కు లేనిచోట ఆయన శిష్యుడు కాడు, పనిముట్టు.

ఇక జవాబుదారీ. 2020 మార్చి 25న భారత ప్రభుత్వము అంగీకరించి ప్రకటించిన దూరవైద్య మార్గదర్శక సూత్రములు యంత్రసాధనముల చేత దూరమునుండి శస్త్రచికిత్స చేయుటను తమ పరిధినుండి స్పష్టముగా మినహాయించినవి. ఒక వైద్యుడు మఱియొక వైద్యుని సలహా అడుగుటను అనుమతించుచు, అడిగినవాడే చికిత్స చేయు వైద్యుడనియు, బాధ్యత ఆయనదేననియు చెప్పినవి. సామాన్య జ్వరమునకు, చర్మరోగమునకు ఈ నియమము చాలును. కాని కత్తి మొన వద్ద పరిస్థితి వేఱు. "ఎడమవైపు కోయుము" అని గురువు చెప్పెను, శిష్యుడు కోసెను, కోసినది తప్పు. అప్పుడు చెప్పినవాడు చేతులు కడుగుకొనును, కోసినవాడు కోర్టు మెట్లెక్కును. ఇట్టి ఏర్పాటును ఏ బుద్ధిమంతుడైన యువవైద్యుడు స్వీకరించును? అటులని భారమంతయు గురువుపై మోపినచో ఏ పెద్దవైద్యుడును తెఱ యెదుట గూర్చుండడు. మధ్యమార్గము కష్టమైనది కాదు. సంభాషణ రికార్డు కావలెను. కేసు షీటులో గురువు పేరు, ఆయన చూచిన గడియ, చెప్పిన మాట వ్రాయబడవలెను. తాను చూచినదానికి, చెప్పినదానికి ఆయన అంతవఱకు బాధ్యుడు కావలెను. రోగికిని, ఆమె బంధువులకును ఈ సంగతి ముందుగా తెలుగున చెప్పి అనుమతి తీసికొనవలెను. ఆ దృశ్యములు ఎవరి యింట దాచబడును, ఎన్నాళ్లు దాచబడును అన్నదియు వ్రాతమూలముగా నుండవలెను. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ శాసనమును పార్లమెంటు చేసినది గదా. మన యాడపడుచుల దేహచిత్రములు విదేశీ కంపెనీ గిడ్డంగిలో వర్తకపు సరకుగా పడియుండుటకు వీలు లేకుండ చూచుట ప్రభుత్వము విధి.

తీగ సంగతి యేమందురా? మిషన్ భగీరథ మంచినీటి గొట్టముల కొఱకు త్రవ్విన కందకముల వెంట టి-ఫైబరు తీగ వేయవలెనన్న ఆలోచన మంచిది. పనియు కొంతవఱకు నడచినది. థియేటరునకు కావలసినది తీగ యుండుట మాత్రమే కాదు, నడుమ తెగకుండుట. అందుకు రెండవ దారి యుండవలెను. రెండును తెగినచో ఏమి చేయవలెనో కత్తి పట్టుటకు ముందే గురుశిష్యులు మాటాడుకొనియుండవలెను. గురువు లేనిదే పూర్తి చేయలేని శస్త్రచికిత్సను గురువు తెఱపై నున్నాడన్న ధైర్యముతో మొదలుపెట్టరాదు. ఈ హద్దును దాటినచో తీగ తెగిన నాడు రోగి ప్రాణమును తెగును.

తెఱపైనున్న గురువు మత్తు నీయలేడు, రక్తమెక్కింపలేడు, కరెంటు పోయినపుడు జనరేటరు నడపలేడు. మత్తువైద్యుడు లేని యూర ఎంత గొప్ప కెమెరా పెట్టినను అది గోడమీది పటమే. 2015లో లాన్సెట్టు పత్రిక నియమించిన ప్రపంచ శస్త్రచికిత్సా సంఘము లోకమున 500 కోట్ల మందికి సురక్షితమైన శస్త్రచికిత్స అందుబాటులో లేదని చెప్పినది. ప్రతి లక్ష జనమునకు శస్త్రవైద్యులు, మత్తువైద్యులు, ప్రసూతి నిపుణులు కలిసి కనీసము 20 మంది యుండవలెననియు, అట్టి ఆస్పత్రి రెండు గంటల ప్రయాణములో నుండవలెననియు కోరినది. ఆ నివేదికలో కెమెరాలకంటె మనుష్యులకే ముందు స్థానమిచ్చుట గమనింపదగినది. ఖాళీగానున్న పోస్టును కప్పిపుచ్చుటకు తెఱను వ్రేలాడదీయుట మేము సహింపము.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచినది. అది పేదలకు చేసిన మేలును కాదనువాడు కృతఘ్నుడు. కాని ఆ ధనము రోగి వెంట నగరమునకు పోయినది. అక్కడి ఆస్పత్రుల అంతస్తులు పెంచినది. రోగి తిరిగి వచ్చెను గాని విద్య రాలేదు. ధనము పోయిన దారినే విద్యను వెనుకకు తెచ్చుకొనుటకు ఈ క్రొత్త సాధనము ఒక యవకాశము. నగరపు ఆస్పత్రి దానిని రోగులను పట్టు వలగా వాడినచో, అనగా తెఱపై చూచి, "ఇది మీ వలన కాదు, మా వద్దకు పంపుడు" అని ప్రతిసారి చెప్పినచో, ఉన్న వైద్యము కూడ జిల్లా విడిచిపోవును. అందువలననే ఈ గురుత్వము ముందు ఉస్మానియా, గాంధీ, నిమ్స్ వంటి ప్రభుత్వ ఆస్పత్రుల ఆచార్యుల చేతిలో నుండవలెనని మేము కోరుచున్నాము. 2019 నుండి వైద్యవిద్య నేర్పుచున్న బీబీనగరు ఎయిమ్స్ కూడ ఉన్నది. ఆ గురుత్వమునకు గడువుండవలెను. ఇన్ని కేసులు ప్రతి యడుగున చూపవలెను. ఆ పిమ్మట కోతకు ముందు మాత్రమే. ఆ పిమ్మట శిష్యుడే సూర్యాపేటనుండి మఱియొక చిన్న ఆస్పత్రికి గురువు కావలెను. శాశ్వత శిష్యత్వము దాస్యమునకు మఱియొక పేరు. దానిని రుచి చూచిన జాతి మనది.

ఒక సంగతిలో మాత్రము గురువు పని కోయించుట కాదు, ఆపుట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు కడుపుకోతతో జరిగినట్లు తేలినది. దేశము మొత్తముమీద అది 21.5 మాత్రమే. మన రాష్ట్రపు ప్రైవేటు ఆస్పత్రులలో నూటికి 81.5. ఇది కోత కొఱవడిన దేశము లెక్క కాదు. రాత్రి రెండు గంటలకు చిన్న ఆస్పత్రి వైద్యురాలు బిడ్డ గుండెచప్పుడు పట్టికను చూచి భయపడి కత్తి తీయబోవునపుడు, "మఱి యొక గంట వేచి చూడవచ్చును, నేను కూడ చూచుచుందును" అని చెప్పు అనుభవశాలి కన్ను తెఱపై నుండిన నెందఱు తల్లులకు కోత తప్పునో! దూరగురువును గూర్చి మాటాడువారు ఈ ఉపయోగమును సాధారణముగా తలపెట్టరు. ఏలయన, చేయని ఆపరేషనుకు బిల్లు లేదు.

అమెరికాలోనున్న మన తెలుగు శస్త్రవైద్యులు రాత్రివేళ తీరికగా గూర్చుండి ఇక్కడి పగటి ఆపరేషన్లను చూడగలరని కొందఱనుచున్నారు. ఉద్దేశము ప్రశస్తము. వారు మన దేశపు వైద్యపట్టికలో నమోదు కానిచో న్యాయపరమైన చిక్కులున్నవి. అవి తేలు వఱకు వారు తమ అనుభవమును రికార్డు చేసిన ఆపరేషన్లపై విమర్శగా పంపవచ్చును. అదియు తక్కువ మేలు కాదు.

పాఠకులలో పలువురు భూవసతి గలవారు, పట్టణములలో పలుకుబడి గలవారు. ఆస్పత్రి అభివృద్ధి సంఘములలో మీలో కొందఱు సభ్యులు. క్రొత్త కట్టడమునకు శంకుస్థాపన జరిగినపుడు శాలువలు కప్పుటకు మీరు పోవుదురు. ఒక్కమాఱు థియేటరు తలుపు వద్ద నిలిచి మూడు ప్రశ్నలడుగుడు. మంజూరైన శస్త్రవైద్యుల, మత్తువైద్యుల పోస్టులలో నేడు నిండినవి ఎన్ని? కష్టమైన కేసు వచ్చినపుడు ఇక్కడి వైద్యుడు ఎవరికి ఫోను చేయును, ఆ ఫోను ఎత్తుట ఆ పెద్దవైద్యుని ఉద్యోగధర్మములో చేరినదా, లేక ఆయన దయాధర్మమా? పోయిన నెలలో ఇచ్చటినుండి హైదరాబాదునకు పంపబడిన రోగులెందఱు, వారిలో ఇచ్చటనే రెండవ కన్ను తోడుండిన బాగుచేయదగినవారెందఱు?

మూడవ ప్రశ్నకు ఉత్తరము ఏ రిజిస్టరులోను వ్రాసియుండదని మా అనుమానము. ఆ రిజిస్టరును ఈ నెలనుండియే తెఱపించుడు. అందులో రోగిని పంపిన వైద్యుని పేరు, పంపిన కారణము, ఎవరిని సంప్రదించి పంపెను అను మూడు గడులు చాలును. తుంగతుర్తినుండి సూర్యాపేట చేరి, అక్కడినుండి నగరమునకు పోయిన ప్రతి రోగి వెంట ఆ మూడు గడుల నకలొకటి తిరిగి రావలెను. ఆఱు మాసములు గడచిన పిమ్మట ఆ రిజిస్టరును చేతబట్టుకొని మీ శాసనసభ్యుని యింటికి పొండు. కెమెరా సంగతి, తీగ సంగతి, గురువు గంటల సంగతి అప్పుడు మాటాడవచ్చును.